నా పేరు మీద వెళ్ళినవాడు

చెయ్యవలసిన పనులు:

1. కాలేజీలో టి.సి., కాండక్టు సర్టిఫికెట్టు అడగాలి.
2. వాల్తేరు యూనివర్సిటీకి దరఖాస్తు పంపాలి.
3. రెండు పంట్లాములు, రెండు చొక్కాలు కుట్టించాలి.
4. ట్రంకు పెట్టెకు కొత్త గొళ్ళెం.
5. దోమతెర.
6. హాస్టలు డిపాజిట్టు కూడబెట్టాలి.
7. నెలకు ఎంతలో సర్దుకోగలనో లెక్క రాసుకోవాలి.
8. నేస్తానికి సముద్రం చూపించాలి.

1968 ఏప్రిల్‌లో, విజయనగరంలో బి.ఏ. ఆఖరి పరీక్ష రాసి బయటికి వచ్చిన మధ్యాహ్నం, ఒక ఎరువుల కరపత్రం వెనకవైపు రాసుకున్న జాబితా ఇది. కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. మొదటి ఏడు పనులూ కొట్టేసి ఉన్నాయి. ఎనిమిదోది మిగిలిపోయింది.

మా ఊరు రాజాం నుంచి నాలుగు మైళ్ళు. నా ముందు మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు లేరు. మా నాన్న వేలిముద్ర వేసేవాడు. నేను ఎమ్మే చదువుతానంటే ఇంట్లో సంతోషం ఎంతో, భయం కూడా అంతే.

మా వైపు నేస్తం అంటే వట్టి స్నేహితుడు కాడు. పెళ్ళి చేసుకున్నట్టే నేస్తం కట్టుకుంటారు. నాకు పదేళ్ళప్పుడు శివరాత్రికి రెండు కుటుంబాలూ ఒకే బండి మీద శ్రీముఖలింగం వెళ్ళాం. వంశధారలో మా ఇద్దరినీ ఒకేసారి ముంచి తేల్చి, గట్టు మీద నిలబెట్టి, నా తువ్వాలు అతని మెడలో, అతని తువ్వాలు నా మెడలో వేయించారు. ఒకరి నోట్లో ఒకరం బెల్లం పెట్టుకున్నాం. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరం పలకకూడదు. "నేస్తం" అనే పిలుచుకోవాలి. పేరు నోట జారితే అవతలివాడికి ఆయుష్షు తరుగుతుందని పెద్దలు చెప్పారు.

అతని తల్లి అసిరమ్మ మా పొలంలో నాట్లకు వచ్చేది. ఆమెకు ముందు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోవాణ్ణి పుట్టగానే చేటలో పడుకోబెట్టి మంత్రసానికి అమ్మి, మళ్ళీ కొనుక్కుంది. అలా చేస్తే ఇది చవక సరుకని యముడు తిరిగి చూడడట. ఆ వారంలోనే నేనూ పుట్టాను. మమ్మల్ని నేస్తం కట్టించాలన్న పట్టు ఆమెదే. పిల్లాడి ప్రాణానికి ఇంకో ముడి వేసుకుందామని కాబోలు.

ఆ వేసవి నేనూ అతనూ విజయనగరంలో నగరేశ్వరరావు షావుకారు మామిడికాయల యార్డులో పనికి కుదిరాం. స్టేషను పక్కనే యార్డు. తోటల నుంచి బళ్ళ మీద కాయలు వచ్చేవి. ఆడవాళ్ళు ఏరితే మగవాళ్ళు గంపల్లో గడ్డి పరిచి సర్దేవారు. గంపలు రైల్లో హౌరా వెళ్ళేవి. అతను గంపలు కట్టేవాడు. నేను వాటి మీద చీటీలు రాసేవాణ్ణి, హాజరు పుస్తకమూ నాదే. చదువు పెట్టిన మొదటి అన్నం అది.

హాజరు పుస్తకంలో పేరు, తండ్రి పేరు, వయస్సు అని మూడు గళ్ళు. అందరివీ రాశాను. అతని దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. పేరు గళ్ళో ఒక చుక్క పెట్టి, మిగతా గళ్ళు ఖాళీగా వదిలేశాను.

సాయంత్రం షావుకారు కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ఇదేటయ్యా బి.ఏ.గారూ! చుక్కకి కూలీ ఇమ్మంటావా?"

"మా నేస్తం అండీ."

"ఓహో." ఆయన నవ్వాడు. "నాకూ ఉన్నాడయ్యా బొబ్బిల్లో ఒకడు. నోటితో అనను, నిజమే. రాతకేటి అడ్డం?"

"రాసినా అన్నట్టేనని మావాళ్ళంటారండీ."

"ఇంత చదువూ చదివి నువ్వూ అంతేనా! సర్లే, చుక్క ఎవడో నాకు తెలుసు కదా."

నేను ఆ మాట నమ్మానో లేదో ఇప్పటికీ చెప్పలేను. అతని ప్రాణంతో పరీక్ష ఎందుకనుకున్నాను, అంతే.

మధ్యాహ్నాలు అన్నాలు తిన్నాక గడ్డిమోపుల మీద కూచుని నా నెల ఖర్చుల కాగితం చదివి వినిపించేవాణ్ణి. డెబ్బై రూపాయలు దాటకూడదని నా పట్టుదల. అతను ఏరి పక్కన పడేసిన కాయ కొరుక్కుంటూ ఒక్కొక్క పద్దుకీ తగువు పెట్టేవాడు.

"మెస్సుకి యాభై."

"యాభయ్యా! ఏటి నేస్తం, రోజూ పెళ్ళిభోజనమేటి అక్కడ?"

"సబ్బులకి రెండు."

"రెండ్రూపాయల సబ్బు ఒంటికి రాసుకుంతావా, బువ్వలో కలుపుకుంతావా? మరి పంట్లాములు రెండేటికి?"

"ఒకటి ఉతికితే ఇంకోటి తొడుక్కోవాలి కదా."

"ఉతికిన రోజు గదిలో తలుపేసుకుని సదూకో. పంట్లామూ మిగులుతాది, మార్కులూ వస్తాయి."

"పోస్టుకార్డులకి అర్ధ రూపాయి."

ఆ పద్దు దగ్గర అతను తగువు పెట్టలేదు. "కార్డులెవులికి?" అన్నాడు.

"ఇంటికి. నీకూ."

"నాకు సదవడం రాదు గదా."

"పోస్టు తెచ్చినవాడే చదివిపెడతాడు."

"అది సరే. కార్డు మీద నా పేరెలాగ రాస్తావు?"

నేను అంతవరకు ఆలోచించలేదు. "అసిరమ్మ గారి అబ్బాయికి, అని రాస్తాను" అన్నాను.

అతను గడ్డిలో వెనక్కి పడి నవ్వాడు. "అసిరమ్మ గారి అబ్బాయి! ఓలమ్మో, మాయమ్మ వింటే ఆ రోజు కూడొండడం మానేస్తాది." ఆ తరవాత వారం రోజులు యార్డులో ఎవరు పిలిచినా, "అసిరమ్మ గారి అబ్బాయి అనండి, అప్పుడు పలుకుతాను" అనేవాడు.

సముద్రం గురించి మాత్రం వేళాకోళం ఆడేవాడు కాడు. నేను వాల్తేరు వెళ్ళే రోజున ట్రంకు పెట్టె తను మోసుకుంటూ వచ్చి, నన్ను హాస్టల్లో దింపి, సముద్రం చూసి తిరిగి రావాలని మా ఒప్పందం.

"అవతలి గట్టు కనబడదంట, నిజమేనా నేస్తం?"

"నిజమే."

"మరి ఈదినోడు ఎక్కడ దిగుతాడు?"

నేను ఖర్చుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

జూన్ మొదట్లో ఫలితాలు వచ్చాయి. సెకండు క్లాసు. యార్డులో ఆడవాళ్ళందరూ నా చేత బెల్లం కొనిపించి పంచుకున్నారు. అప్పటికి కాయ అయిపోవస్తోంది. ఒక్క వ్యాగను మిగిలింది.

కాయ కుళ్ళకుండా దారి పొడుగునా స్టేషన్లలో తలుపు తీయించి గాలి తగిలించడానికి, హౌరాలో ఏజెంటుకు గంపలు అప్పగించడానికి వ్యాగను వెంట ఒక మనిషిని పంపడం మా షావుకారు పద్ధతి. ఆ మనిషికి ఒక చీటీ ఇచ్చేవారు. ఆఖరి వ్యాగనుకు నన్ను వెళ్ళమన్నారు. వెళ్ళి వస్తే ముప్ఫై రూపాయలు వేరే ఇస్తానన్నారు. హాస్టలు డిపాజిట్టుకు నాకు తక్కువ పడుతున్నది సరిగ్గా అంతే. చీటీ నేనే రాశాను, షావుకారు సంతకం పెట్టాడు: "ఈ చీటీ తెచ్చు మనిషి మా గుమస్తా రౌతు నరసింగరావు. హౌరా వరకు మా సరుకు వెంట వచ్చుచున్నాడు."

ఆయన ఆ రోజే కూతురి ఊరికి బయల్దేరుతున్నాడు. రిక్షా ఎక్కుతూ అన్నాడు: "నీకు వీలుకాకపోతే నీ పేరు కొట్టేసి, వెళ్ళేవాడి పేరు రాసి, పక్కన నీ పొట్టి సంతకం పెట్టు. నేను వచ్చేది సోమవారం."

మర్నాడే యూనివర్సిటీ నుంచి కార్డు వచ్చింది. శుక్రవారం ఇంటర్వ్యూ. వ్యాగను కదిలేది బుధవారం.

"దీనికి దిగులేటి?" అన్నాడు నేస్తం. "నానెల్తాను. ఆ ముప్పయ్యీ నీ డిపాజిట్టులో ఏసుకో."

"నీకు భాష రాదు."

"మామిడికాయలకొచ్చా? అవెల్తన్నాయి కదా!"

బుధవారం మధ్యాహ్నం వ్యాగను తలుపు దగ్గర నిలబడి చీటీ తీశాను. నా పేరు కొట్టెయ్యడానికి కలం మూత విప్పాను. కొట్టేస్తే ఆ పక్కన అతని పేరు రాయాలి. ఆఖరి గంపలు ఎక్కించి కూలీలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. అక్షరం వచ్చినవాణ్ణి యార్డులో నేనొక్కణ్ణే. ఇంజను కూత వేసింది.

అతను నా చేతిలో చీటీ లాక్కున్నాడు.

"ఉండనీ నేస్తం. నీ పేరుంటేనే మంచిది. బి.ఏ. పాసైనోణ్ణని కలకత్తావోళ్ళు కుర్సీ ఏస్తారు."

"ఎవరైనా పేరడిగితే?"

"కాయితం సూపిస్తాను. నా నోటంట నీ పేరొస్తాదా ఏటి?"

చీటీని నాలుగు మడతలు పెట్టి మొలలో దోపుకున్నాడు. రైలు కదిలాక తలుపు సందులోంచి ఒక మామిడిపండు నా మీదికి విసిరాడు. పట్టుకున్నాను. బాగా పండిన బంగినపల్లి. వాల్తేరు వెళ్ళే రైల్లో అదే తిన్నాను.

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. సీటు ఇచ్చారు. సోమవారం ఫీజు కట్టి వెళ్ళమన్నారు. అంతవరకు ఒక సీనియరు గదిలో ఉన్నాను. ఆదివారం పొద్దున్న సముద్రం ఒడ్డున చాలాసేపు తిరిగాను. అతన్ని తెచ్చినప్పుడు ఎక్కడ కూచోబెట్టాలా అని చోటు వెతికాను. నల్లరాళ్ళ పక్కన ఒక ఎత్తు నాకు నచ్చింది. అక్కడ నుంచి చూస్తే నిజంగానే అవతల ఏమీ లేదు.

మంగళవారం మధ్యాహ్నానికి ఫీజు రసీదు జేబులో పెట్టుకుని విజయనగరంలో దిగాను. షావుకారు కొట్టు అరుగు మీద కూచుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చేతిలో పొడుం డబ్బా కింద పడింది.

"ఎవరు?" అన్నాడు.

"నేనేనండీ. నరసింగరావుని."

ఆయన వచ్చి నా మోచేయి పట్టుకుని చూశాడు. తరవాత కొట్టులోంచి టెలిగ్రాం తెచ్చి ఇచ్చాడు. హౌరా ఏజెంటు పంపింది. మీ గుమస్తా నరసింగరావు కలరాతో ఆదివారం చనిపోయాడు, అని.

"నువ్వు రైలెక్కలేదా?"

"లేదండీ. ఇంటర్వ్యూ వచ్చింది. మా నేస్తం వెళ్ళాడు."

"చీటీలో పేరు మార్చలేదూ?"

నేను ఆ టెలిగ్రాం వంకే చూస్తున్నాను. అందులో ఉన్నది నా పేరే.

షావుకారు అరుగు మీద కూలబడ్డాడు. "పొద్దున్నే కాగితం రాసిచ్చి మీ ఊరికి మనిషిని పంపించీసేనయ్యా" అన్నాడు.

రాజాం బస్సు దిగి నాలుగు మైళ్ళూ పరుగులాంటి నడకతో వెళ్ళాను. వీధి మొదట్లోనే ఏడుపు వినిపించింది. అది నా చావు ఏడుపే. నా కోసం ఏడుస్తున్నారు. పొద్దు ఇంకా కుంకలేదు. వాకిట్లో మా అమ్మ తాయారు జుట్టు విరబోసుకుని పడి ఉంది. ఆమె తల ఒళ్ళో పెట్టుకుని అసిరమ్మ శోకాలు పెడుతోంది.

"సదువుల తండ్రివే బాబూ... నా కొడుకుతోటి బెల్లం తిన్నావే బాబూ... ఆడొచ్చి నా నేస్తమేడీ అంటే నానేటి సెప్పనే బాబూ..."

ముందు నన్ను చూసింది అసిరమ్మే. ఆమె భయపడలేదు. "ఓలమ్మో! బాబొచ్చినాడే! లెగవే తాయారమ్మా, నీ కొడుకొచ్చినాడే!" అని అరిచి పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. మా అమ్మ నా కాళ్ళు తడిమి చూసింది. మా నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చచ్చాడని ఏడ్చిన మనిషిని అలాగే లోపలికి రానీయకూడదని, నెత్తి మీద పసుపు నీళ్ళు పొయ్యాలని ఎవరో అన్నారు. ఆ పని అసిరమ్మ తీసుకుంది. నన్ను గడప ముందు కూచోబెట్టి, నవ్వుతూ, ముక్కు చీదుకుంటూ, మూకుమ్మడిగా అందర్నీ తిడుతూ మొదటి చెంబు పోసింది. రెండో చెంబు పోసింది.

మూడో చెంబు సగంలో ధార ఆగింది.

"మరయితే, ఆ కాయితం ఎవుల్ని గురించొచ్చినాది బాబూ?"

నేను తడి మొహంతో పైకి చూశాను.

"చీటీ నాది చిన్నమ్మా. దాన్ని పట్టుకుని వెళ్ళింది..."

పేరు నాలుక చివరికి వచ్చింది. ఆపేశాను. ఆమె మిగిలిన సగం చెంబూ మెల్లగా నా నెత్తి మీద పోసింది, ఒక్క చుక్క కూడా పక్కకి పోకుండా.

"నువ్వు సచ్చిపోనావన్నాది ఆ కాయితం. నువ్వు నా కళ్ళెదుట ఉన్నావు. అది అబద్దాల కాయితం" అంది. "మా గుంటడు సచ్చిపోనాడని ఏ కాయితమూ సెప్పలేదు."

పది రోజులకు ఏజెంటు ఉత్తరం రాశాడు. గంపలు అప్పగించిన మర్నాడు ఆ మనిషి స్టేషనులో వాంతులతో పడిపోయాడు. ఆసుపత్రిలో చేర్చారు. అతని మాట అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. పేరు అడిగినప్పుడల్లా మొలలోంచి చీటీ తీసి చూపించేవాడు. చూసి ఇచ్చేస్తే మళ్ళీ మడిచి జాగ్రత్తగా దాచుకునేవాడు. సోమవారం ఇంకొందరితో కలిపి దహనం చేశారు. ఆసుపత్రి పుస్తకంలో రౌతు నరసింగరావు అని రాసుకున్నారు. ఉత్తరంలో ఆ చీటీ పెట్టి పంపాడు. మడతల దగ్గర చివికిపోయి ఉంది.

పుస్తకంలో పేరు సరిచేయించాలి, నువ్వే ఒక అర్జీ రాయి, నేను ఏజెంటుకు పంపుతాను అన్నాడు షావుకారు. కాగితం ముందు పెట్టుకుని కూచున్నాను. అసిరమ్మకు ఎవరు చెప్పారో, మా ఇంటికి వచ్చింది.

"ఏటి రాస్తన్నావు బాబూ?"

చెప్పాను.

ఆమె నా చేతిలో కలం తీసి పక్కన పెట్టింది. "ఒద్దు. నువ్వింతవరకు ఆడి పేరు పలకలేదు గదా? రాయలేదు గదా? అందుకే ఆడెక్కడో ఉన్నాడు. దారి తెలక తిరుగుతన్నాడు. నువ్వొచ్చినట్టే ఆడూ వస్తాడు. నాను బతికున్నన్నాళ్ళు నీ నోటంట, నీ సేతంట ఆ పేరు రానీయకు."

చెయ్యి చాపింది. చేతిలో చెయ్యి వేశాను.

జూలైలో వాల్తేరు బయల్దేరాను. రెండు పంట్లాములు, దోమతెర, కొత్త గొళ్ళెం వేసిన ట్రంకు పెట్టె. మా నాన్న పెట్టె ఎత్తబోతుంటే అసిరమ్మ అడ్డం వచ్చింది. తలగుడ్డ చుట్టుకుని పెట్టె నెత్తిన పెట్టుకుంది.

"నువ్వు మొయ్యడమేంటి చిన్నమ్మా!" అన్నాను.

"'నా నేస్తం పెట్టె నానే మోస్తాను' అని ఆడు ముందే సెప్పినాడు. ఆడొచ్చేవరకు ఆడి పని నాను సెయ్యాల. లేపోతే వచ్చి నా మీద తగువెడతాడు. బేగి నడు, బస్సెల్పోద్ది."

ఆ నాలుగు మైళ్ళూ ఆమె ముందు, నేను వెనక. ఒక్కసారి కూడా దింపలేదు. బస్సు మీద పెట్టె వేయించి, "ఆ సముద్రం నువ్వొక్కడివే సూసీకు. ఆడికోసం ఉండనీ" అంది.

అప్పటికే చూసేశానని చెప్పలేదు. రెండేళ్ళు యూనివర్సిటీలో చదివాను, అందరూ సాయంత్రాలు ఒడ్డుకు వెళ్ళేవారు. నేను గదిలో ఉండి చదువుకునేవాణ్ణి. మార్కులు బాగానే వచ్చాయి. డెబ్బై రూపాయలు దాటిన నెల లేదు. పోస్టుకార్డుల పద్దు మాత్రం సగమే ఖర్చయ్యేది.

లెక్చరరు ఉద్యోగం వచ్చింది. దరఖాస్తులో, సర్వీసు పుస్తకంలో, జీతాల పట్టీలో, ఎక్కడ పేరు అన్న గడి కనిపించినా నాకు ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. ఆ పేరుగల మనిషి హౌరాలో ఎప్పుడో దహనమైపోయాడు. అతని పేరు నేను వాడుకుంటున్నాను. హౌరా వెళ్ళే రైలు చిలకా సరస్సు పక్క నుంచి వెళ్తుందని తరవాత తెలిసింది. అవతలి గట్టు కనిపించనంత నీళ్ళట. వ్యాగను తలుపు తీసినప్పుడు అదే సముద్రమనుకుని ఉంటాడని నాకు నేను చెప్పుకుంటాను. అక్కడికి చేరేసరికి చీకటి పడి ఉంటుందేమో, అది మాత్రం అనుకోను.

సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడల్లా అసిరమ్మ ఒక్కటే అడిగేది. "అనలేదు గదా బాబూ?"

"లేదు చిన్నమ్మా."

"రాయలేదు గదా?"

"లేదు."

"అదీ" అని తృప్తిగా తల ఊపేది. అలా ముప్ఫై ఏళ్ళు.

మొన్న కార్తీకంలో ఆమె పోయింది. కొడుకు చెయ్యవలసింది నేను చేశాను. పన్నెండో రోజు అయ్యాక ట్రంకు పెట్టె తెరిచి ఆ చీటీ తీశాను. షావుకారు చెప్పినట్టే చేశాను. నా పేరు కొట్టేసి, పైన అతని పేరు రాసి, పక్కన నా పొట్టి సంతకం పెట్టాను. హాజరు పుస్తకంలో ఖాళీ వదిలిన గళ్ళు ఇక్కడ నింపుతున్నాను.

పేరు: మజ్జి తవిటయ్య. ముగ్గురు పోయాక పుట్టినవాడు, మానెడు తవుడుకి అమ్మి కొనుక్కున్నవాడు. తండ్రి పేరు: అప్పలసామి. తల్లి అసిరమ్మ అని కూడా రాస్తున్నాను, ఆ పుస్తకంలో అందుకు గడి లేదు. వయస్సు ఇరవై ఒకటి.

రాశానే గాని, నోటితో ఇంతవరకు అనలేదు. అనలేను. మీరు అనవచ్చు, మీరెవరూ అతనితో నేస్తం కట్టలేదు. ఎప్పుడైనా సముద్రం ఒడ్డుకు వెళ్ళి, అవతలి గట్టు కనిపించక నిలబడినప్పుడు, ఒక్కసారి పైకి వినబడేలా ఆ పేరు పిలవండి. అతన్ని గుర్తు పెట్టుకోండి.